వడియాల పెళ్లికి బ్యాటరీ కంపెనీ వాళ్లొచ్చారు

దొర్లిన గుమ్మడికాయ

హౌరా వెళ్లే రైల్లో, బరంపురం దాటీ దాటగానే, నా బెర్తు కిందనుంచి బూడిద గుమ్మడికాయ ఒకటి పారిపోయింది. సంచి ముడి వదులైంది కాబోలు, రైలు ఊగినప్పుడల్లా అదీ దొర్లింది. ముందు ఎదుటి ముసలాయన చెప్పుల్ని తోసుకుంటూ పోయింది. తరవాత అవతల వరసలో కునుకు తీస్తున్న ఒకావిడ అరికాలికి చల్లగా తగిలింది. ఆవిడ పెట్టిన కేకకి బోగీ బోగీ లేచి కూచుంది. టికెట్టు కలెక్టరు ఆ కాయని చంకనెత్తుకుని నా దగ్గరకొచ్చి, "ఇది మీదేనా? దీనికి టికెట్టేదీ?" అన్నాడు.

"ఆర్‌ఏసీలో ఉందండీ. అందుకే పడుకోలేక తిరుగుతోంది," అన్నాను.

ఆయన నవ్వలేదు. చుట్టుపక్కలవాళ్లు నవ్వారు. నాకు అంతకన్నా ఏం కావాలి.

పలాసలో నాకో దుకాణం ఉంది. ఇన్వర్టర్లు, వాటి బ్యాటరీలు అమ్ముతాను. పాతవాటిలో డిస్టిల్డ్ వాటరు పోస్తాను. చేసేది అంతే. చెప్పేది మాత్రం అంతకి చాలా ఎక్కువ. తుఫానొచ్చి ఊరు చీకటైపోయినప్పుడు నా దుకాణంలో ఉన్న ఒక్క బ్యాటరీ మీద స్టేషను దగ్గర్నుంచి కాశీబుగ్గ దాకా లైట్లు వెలిగాయని మా చుట్టాల పెళ్లిళ్లన్నిటిలో చెప్పాను. వెలిగింది పక్కనున్న జెరాక్సు షాపులో ఒక బల్బు. పెళ్లి పందిట్లో జెరాక్సు షాపు సంగతి ఎవరిక్కావాలి?

ఆ కథల పుణ్యమే ఈ ప్రయాణం. కోల్‌కతాలో ఉన్న మా పిన్ని కూతురు సరోజ ఫోను చేసింది. "అన్నయ్యా, మా ఇళ్ల ఎదర పెద్ద బ్యాటరీల ఇస్టేసను కడతారట. పగలు ఎండ కరెంటు డబ్బాల్లో దాచి, సాయంత్రం ఊరికి ఇస్తారట. జనం ఏటంటారో ఇనడానికి మీటింగెట్టేరు. నీకు బ్యాటరీల గురించి అన్నీ తెలుసు కదా, వొచ్చి మాటాడు. వొచ్చినప్పుడు మనూరి గుమ్మడికాయలు రెండు పట్టుకురా."

నాకేమీ తెలీదని చెప్పాల్సింది. "ఎప్పుడు రమ్మంటావు?" అన్నాను.

వాట్‌గంజ్‌లో ఒక నేల

సరోజ ఉండేది వాట్‌గంజ్‌లో, ఓడరేవు గోడకి దగ్గరగా. ఆమె మావగారి తండ్రి కాలంలో శ్రీకాకుళం వేపునుంచి మూటలు మొయ్యడానికి వచ్చిన కుటుంబం అది. ఒక్క గది. అందులోనే వంట, అందులోనే మంచం, అందులోనే దేవుడు. నేను ఒకచోట కాలు నిలిపే మనిషిని కాను, ఆలోచించాలంటే నడవాలి. ఆ గదిలో నడవబోతే రెండో అడుగుకే గ్రైండరు తగిలింది.

"ఏటలా తిరుగుతున్నావు? కూకో. చా ఇస్తాను," అంది సరోజ. తెలుగులోనే మాట్లాడుతుంది, మధ్యలో బెంగాలీ దొర్లుతుంది, కోపమొస్తే హిందీ. వాళ్లాయనకి హల్దియాలో క్రేను మీద పని, నెలకోసారి వస్తాడు. కూతురు నర్సింగు చదువుతూ హాస్టల్లో ఉంది. ఆ చదువు నడిచేది వడియాల మీద.

ఈ వడియాల సంగతి చెప్పకపోతే మీకు తరవాతిది బోధపడదు. మనం వడియం అనేదాన్నే వాళ్లు బొడి అంటారు. మినప్పప్పు రుబ్బి, బూడిద గుమ్మడి కలిపి పెట్టేది మనకీ ఉంది, వాళ్లకీ ఉంది. తేడా ఏమిటంటే, మనం వేయించి పప్పులో నంజుకుంటాం, వాళ్లు చేపల పులుసులో వేసేస్తారు. అలా వేసినవి నమిలి చూశాను. మొదటి ముద్దకి మా అమ్మ చూస్తే ఏమంటుందోనని కొంచెం భయమేసింది, రెండో ముద్దకి భయం పోయింది.

సరోజ, పక్కింటి మిఠూ దీదీ, ఇంకా ఆ సందులో ఆడవాళ్లు కలిసి చలికాలమంతా వడియాలు పెట్టి భవానీపూర్ ఇళ్లకీ దుకాణాలకీ వేస్తారు. పెట్టేది ఎక్కడంటే, సందు చివర, కప్పు ఎప్పుడో ఊడిపోయిన ఓడరేవు గోడౌను నేల మీద. సిమెంటు నేల, నున్నగా, పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఎండ. వాళ్ల గదుల్లోకి ఎండ రాదు. డాబాలు ఇంటి ఓనర్లవి, తాళాలేసి ఉంటాయి. అంచేత ఆ నేల ఒక్కటే దిక్కు.

ఆ నేల చుట్టూ ఎవరో ఎర్రజెండాలు పాతి వెళ్లారు. బ్యాటరీల స్టేషను వచ్చేది సరిగ్గా అక్కడే.

"ఎండ పోతే నా పని పోయినట్టే," అంది సరోజ, జెండాల వేపు చూడకుండా. "కట్టొద్దని నేననటం లేదు. ఎక్కడ ఆరబెట్టుకోవాలో చెప్పమంటన్నాను. నువ్వు ఆ ఒక్క మాట గట్టిగా అడుగు అన్నయ్యా. నేనడిగితే ఆడమనిసి వడియాల గోలంటారు. నువ్వు బ్యాటరీల మనిసివి."

మిఠూ దీదీ గుమ్మంలో నిలబడి వింటోంది. ఆవిడ దారే వేరు. ఆవిడకి స్టేషను అసలు వద్దు. "నిప్పంటుకుంటే? ఫోను బ్యాటరీ ఉబ్బితేనే మా అబ్బాయి మంచం కాలింది. ఇవి లారీ అంత ఉంటాయట! దాదా, మీరే చెప్పండి, కాలతాయా కాలవా?"

"కాలొచ్చు, కాలకపోవచ్చు," అన్నాను, పెద్ద డాక్టరులా తల పంకించి. ఇద్దరూ నా జవాబుకి సంతోషించలేదు. నాకు కూచోబుద్ధి కాలేదు. చెప్పులేసుకుని టీ కొట్టుకి పోయాను.

అక్కడ జరగాల్సింది జరిగింది. మట్టి ముంతలో టీ, పది రూపాయలు, తాగి ముంతని పగలగొట్టెయ్యడమే. మన ఊళ్లో గ్లాసు కడగలేదని దెబ్బలాడుకుంటాం, ఇక్కడ ఆ గొడవే లేదు. నా చుట్టూ ఓడరేవు పనివాళ్లు చేరి, బ్యాటరీల నిపుణుడు వచ్చాడట అని కూచున్నారు. హిందీలో ఒకటే ప్రశ్నలు. తెలీదని చెబితే లేచి పోతారు. నాకు జనం లేచిపోతే ఊపిరాడదు.

అంచేత చెప్పాను: "పెద్ద బ్యాటరీ పక్కన ఎండ పల్చబడుతుంది. మా పలాసలో నా దుకాణం ముందు బట్టలు ఆరవు. ఎదురు దుకాణం ముందు అరగంటలో ఆరతాయి. బ్యాటరీ ఎండని తాగేస్తుందన్నమాట."

ఒక్కడు నవ్వాడు. మిగతావాళ్లు నవ్వలేదు. తలలూపారు. నవ్వకపోయేసరికి నాకు కొంచెం అనుమానం వచ్చింది, కానీ అప్పటికి రెండో ముంత టీ ఎవరో ఇప్పించేశారు.

మెటియాబ్రుజ్: బిర్యానీలో ఆలుగడ్డ

మర్నాడు సరోజ నన్ను మెటియాబ్రుజ్ పంపింది. అక్కడ ఇక్బాల్ అని దర్జీ ఉన్నాడు, సరోజకి వడియాలారేసే గుడ్డలు అతనే ఇస్తాడు, తానుల చివర మిగిలిన మెత్తటి నూలు గుడ్డ. "గుడ్డలు తీసుకురా, అతనేటంటన్నాడో కూడా కనుక్కో. మీటింగుకి ఆ వేపోళ్లూ వస్తారు," అంది.

ఆటోలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూచుని వెళ్లాను. వీధి వీధంతా కుట్టుమిషన్ల చప్పుడు, కింద, మేడ మీద, మెట్ల మలుపులో కూడా. పిల్లల ఫ్రాకులు కొండల్లా పడున్నాయి. దారి అడిగితే అడిగినవాడు చూపించడం మానేసి "ఎక్కణ్ణుంచి వచ్చారు" అంటాడు. ఇద్దరికి పలాస అన్నాను. మూడోవాడికి లంక అన్నాను. ముగ్గురూ ఒకే సందు చూపించారు.

ఇక్బాల్ నాకన్నా నాలుగైదేళ్లు చిన్న ఉంటాడు, మెళ్లో టేపు, చెవి మీద సుద్దముక్క. రాగానే బిర్యానీ తెప్పించాడు. మూత తీస్తే అన్నంలో పిడికిలంత ఆలుగడ్డ. మా వేపు పెళ్లిలో బిర్యానీలో ఆలుగడ్డ కనపడితే వంటవాడు మాంసం ఇంటికి పట్టుకుపోయాడని నిలదీస్తారు. ఇక్కడ ఆలుగడ్డ లేకపోతే నిలదీస్తారట. తిని చూశాను. ఆ ఆలుగడ్డలోకి మాంసం రసం, మసాలా మొత్తం దిగి కూచుంది. నా వాటాది నేను తిన్నాక ఇక్బాల్ వాటాది కూడా చూస్తూ కూచున్నాను. అతనే తీసి నా పళ్లెంలో పెట్టాడు.

"బ్యాటరీల గురించి మీరేమంటారు భాయ్?" అన్నాను.

"రమ్మంటాను. ఇవాళే రమ్మంటాను," అన్నాడు. "సాయంత్రమైతే చాలు వోల్టేజి పడిపోతుంది. మిషను మూలుగుతుంది, కుట్టు వంకర పోతుంది, మాలు తిప్పి పంపిస్తారు. కుట్టినవాడికి కూలి నేనే ఇవ్వాలి. అవి వస్తే కరెంటు నిలకడగా ఉంటుందంటున్నారు." గిన్నె పక్కకి తోసి, "కానీ ఒక సంగతి. ఆ కరెంటు మా గల్లీకొస్తుందా, పెద్ద పెద్ద మేడలకి పోతుందా? ఇది ఎవరడిగినా వాళ్లు చెప్పరు."

నేను గుడ్డలు మడత పెట్టుకుంటుంటే అతను గొంతు తగ్గించాడు. "దాదా, మీరు ఈ లైనువాళ్లు కదా. ఒకటి విన్నాను. పొద్దున్న ఒక ఆటోవాడు చెప్పాడు. మద్రాసునుంచి వచ్చిన సైంటిస్టు ఒకాయన చెప్పాడట, బ్యాటరీ పక్కన ఎండ ఉండదట. చుట్టుపక్కల చెట్లు కూడా ఎండిపోతాయట. నిజమా?"

మడత పెట్టిన గుడ్డ మళ్లీ విప్పేశాను. నేను ఆటోలో వచ్చాను, నా కథ నాకన్నా ముందే ఇంకో ఆటోలో వచ్చేసింది. దారిలో చెట్లు కూడా కలుపుకుంది. నేను సైంటిస్టునైపోయాను.

"అబద్ధం భాయ్," అన్నాను.

"మీకెలా తెలుసు? చెప్పింది సైంటిస్టు," అన్నాడు ఇక్బాల్, కొంచెం జాలిగా.

భవానీపూర్: రావుగారి డాబా

తిరిగొచ్చేసరికి సరోజ వడియాల పొట్లాలు సంచిలో సర్దుకుని సిద్ధంగా ఉంది. పోయిన ఏడాది చివరి సరుకు. ఈ ఏడు మబ్బులు పట్టి ఇంకా మొదలే కాలేదు. నాకు కూచోవాలని లేదు కనక నేనూ బయల్దేరాను. భవానీపూర్‌లో రావుగారని, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై ఇక్కడే స్థిరపడిపోయిన గుంటూరు మనిషి. ఆయన ఇల్లు నాలుగంతస్తుల అపార్ట్‌మెంటులో పైది. హాల్లో పుస్తకాలు, అటువేపు కిటికీలోంచి డాబా మీద బ్రహ్మాండమైన ఎండ.

రావుగారి భార్య నొలెన్ గుడ్ సందేశ్ పెట్టింది. చలికాలంలో తీసే ఈత బెల్లంతో చేసే మిఠాయి అది. ఒక్కటి చాలంటూ నాలుగు తిన్నాను. రావుగారు సంగతి విని కళ్లజోడు తుడుచుకున్నారు.

"చూడండి, సోలారు కరెంటు పగలు ఎక్కువ, రాత్రి సున్నా. నిలవ చేసుకోకపోతే దేశం ముందుకెళ్లదు. ఇలాంటివి రావాలి. ఎక్కడో ఒకచోట పెట్టాలిగా? అందరూ మా వీధిలో వద్దంటే ఎలా?"

నాకు ఆ మాటలో తప్పేమీ కనపడలేదు. సరోజకి కూడా కనపడలేదనుకుంటా, తలూపింది. రావుగారు ఉత్సాహంగా, "నువ్వేం బెంగ పెట్టుకోకు సరోజా. వడియాలదేముంది, ఏ డాబా మీదైనా ఆరతాయి," అన్నారు.

సరోజ కిటికీలోంచి బయటకి చూసింది. "మీ డాబా మీద పెట్టుకోమంటారా అయ్యగారూ? తెల్లారి వొచ్చి పెట్టుకుని, సాయంత్రం తీసుకుపోతాం."

రావుగారు కళ్లజోడు మళ్లీ తుడవడం మొదలుపెట్టారు. ఆయన భార్య అంది, "మాకేం అభ్యంతరం లేదమ్మా. అసోసియేషను వాళ్లు ఒప్పుకోరు. కాకులొస్తాయంటారు, లిఫ్టులో వాసనంటారు. పోయినేడు నేను నాలుగు మిరపకాయలు ఎండబెడితేనే నోటీసు పెట్టారు." ఆవిడ నిజంగా బాధపడింది. మరో రెండు పొట్లాలు ఎక్కువ తీసుకుంది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు సరోజ నా వేపు తిరిగింది. అప్పటిదాకా పట్టి ఉంచిన కోపమంతా ఒక్కసారి వొచ్చింది.

"టీకొట్టు కాడ ఏటి వాగేవు?"

"ఏదో సరదాకి..."

"ఎండ తాగేస్తాదా బ్యాటరీ? మిఠూ దీదీ సందంతా చెప్పేసింది. ఇప్పుడందరూ మీటింగులో అదే అడుగుతామంటన్నారు. కంపెనీవోళ్లు ఏటి చేస్తారు? పడీ పడీ నవ్వుతారు. నవ్వినాక నా మాట ఎవడింటాడు? అన్నయ్యా, నాకున్నది ఒక్క ప్రశ్న. దాన్నీ నవ్వులపాలు చేసినావు."

బస్సొచ్చింది. ఆమె ఎక్కి ముందు సీట్లో కూచుంది, నాకు పక్కన చోటు ఉంచలేదు. నేను దిగేదాకా నిలబడే ఉన్నాను. కూచోడానికి సీట్లున్నాయి.

గోడౌను నేల మీద

మీటింగు కమ్యూనిటీ హాల్లో అన్నారు. అందుకని సరోజా వాళ్లు, మబ్బులు విడిపోయాయి కదా అని ఆ పొద్దున్నే ఈ ఏటి మొదటి వడియాలకి పిండి రుబ్బేశారు. గిలకొట్టి గిలకొట్టి, నీళ్ల గిన్నెలో చుక్క వేస్తే తేలేదాకా గిలకొట్టారు. అలా తేలితేనే లోపల బోలుగా కరకరలాడతాయట. నేను తెచ్చిన గుమ్మడికాయలు తురిమి, ఉప్పేసి, నీళ్లు పిండేసి, పిండిలో కలిపేశారు. ఇక ఆగడానికి లేదు. ఎండెక్కేలోగా పెట్టకపోతే పులిసిపోతుంది.

గిన్నెలెత్తుకుని గోడౌను దగ్గరకి వెళ్లేసరికి అక్కడ షామియానా లేస్తోంది. హాలు వేరెవరో పెళ్లికి తీసుకున్నారట, మీటింగు ఇక్కడికి మార్చేశారు. నేల సగం మీద నీడ. కుర్చీలు, ఒక బల్ల, స్టాండుకి తగిలించిన పెద్ద ప్లాను.

ఆడవాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. మిఠూ దీదీ, "పిండి వాళ్ల మీటింగు కోసం ఆగుతుందా?" అంటూ షామియానా నీడ ఆగిపోయినచోట గుడ్డ పరిచేసింది. మిగతావాళ్లూ పరిచారు. కుర్చీల మధ్యకి పడిన ఎండ ముక్కని కూడా వదల్లేదు.

ఇక్కడ మీకో ఆచారం చెప్పాలి. ఏటా మొదటి రోజు వడియాలకి పెళ్లి చేస్తారు. నేను కల్పించింది కాదు, ఒట్టు, నా మీద నమ్మకం లేకపోతే ఎవరైనా బెంగాలీ ముసలావిణ్ణి అడగండి. ముందుగా రెండు పెద్ద వడియాలు పెడతారు, ఒకటి పెళ్లికొడుకు, ఒకటి పెళ్లికూతురు. పెళ్లికూతురికి సింధూరం. ఇద్దరి మీదా గరిక, ధాన్యపు గింజలు. అప్పుడు శంఖం ఊది, ఆడవాళ్లంతా నాలుక ఆడిస్తూ ఉలూ ధ్వని చేస్తారు. ఈ పెళ్లి అయ్యాకే మిగతా వడియాలు. సరోజ దీనికి మన వేపు పసుపు కూడా కలిపింది. "పెళ్లి పెద్ద ఎవరు?" అని ఎవరో అడిగితే, మిఠూ దీదీ నన్ను ముందుకి తోసింది. "గుమ్మడికాయ తెచ్చింది ఈయనే. పెళ్లికూతురి తండ్రి ఈయనే." సరోజ నా వేపు చూడలేదు. కానీ గరిక నా చేతికే ఇచ్చింది.

సరిగ్గా శంఖం ఊదే వేళకి కంపెనీ కార్లు వచ్చాయి. ముందు దిగినాయన ఇంజినీరు, మిత్రబాబు అంటున్నారు, యాభై దాటినాయన, ఇస్త్రీ చొక్కా. ప్లాను వేపు చూస్తూ గబగబా వచ్చి బూటు కాలు పెళ్లి గుడ్డ మీదకి ఎత్తాడు.

"అరే అరే! జుతో!" మిఠూ దీదీ కేక ఓడరేవు అవతలికి వినపడి ఉంటుంది. "పెళ్లివాళ్ల మీద బూటేస్తావా బాబూ?"

కాలు గాల్లోనే ఆగింది. కిందకి చూశాడు, సింధూరం చూశాడు. మొహం మారిపోయింది. "బొడీర్ బియే!" అన్నాడు. "మా అమ్మమ్మ చేసేది." వెనక్కి తగ్గి బూట్లు విప్పి పక్కన పెట్టాడు. వెనకున్న ఆఫీసర్లు కూడా, ఎందుకో తెలీకపోయినా, విప్పారు. నేను పెళ్లి పెద్దని కనక, "కాస్త ఆగండి, ముహూర్తం నడుస్తోంది," అన్నాను. ముహూర్తమూ లేదు, ఏమీ లేదు. ఆగారు.

పెళ్లయ్యాక మీటింగు. ఇక్బాల్ తన మనుషులతో వచ్చాడు, అడగాల్సింది అడిగాడు. కరెంటు లైను అందరికీ ఒకటేనని, ఆ ప్రాంతమంతటికీ నిలకడ వస్తుందని మిత్రబాబు చెప్పాడు. మీ గల్లీకే అని రాసివ్వలేనన్నాడు. మిఠూ దీదీ నిప్పు గురించి అడిగింది. డబ్బాకీ డబ్బాకీ మధ్య ఖాళీ ఉంటుందని, పొగ వస్తే తెలిసే ఏర్పాటుందని, కంచె బయట ఫైరింజను తిరిగే వెడల్పు దారి ఉంటుందని చెప్పాడు. ఆవిడకి సగమే నచ్చింది. "మీ ఇల్లు పక్కన పెట్టుకుంటారా?" అంది. ఆయన ప్లాను కాగితం సర్దుకున్నాడు.

అప్పుడు వెనకనుంచి ఓడరేవు పనివాళ్లలో పెద్దాయన ఒకాయన లేచాడు. "బాబూ, ఇవి ఎండ తాగేస్తాయట కదా. మద్రాసు సైంటిస్టు చెప్పాడు."

బల్ల దగ్గర ఆఫీసర్లు ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వారు. ఒకాయన నోరు మూసుకున్నా భుజాలు ఊగుతున్నాయి. సరోజ అప్పటికే లేచి ఉంది, చేతికి పిండితో. నవ్వులు వినపడగానే మళ్లీ కూచోబోయింది. ఆమె కూచుంటే అయిపోయినట్టే.

నేను లేచాను. "ఆ సైంటిస్టుని నేనే. నాది పలాసలో ఇన్వర్టర్ల కొట్టు. ఎండ సంగతి టీ కోసం చెప్పిన అబద్ధం. నన్ను చూసి ఎంత కావాలంటే అంత నవ్వుకోండి. అయ్యాక మా చెల్లెలి మాట వినండి, అందులో అబద్ధం లేదు."

ఈసారి అందరూ నవ్వారు, ఆ పెద్దాయన తప్ప. ఆయన నాకేసి చూసిన చూపు ఇప్పటికీ వీపు మీద దురద పెడుతోంది. కానీ నవ్వు ముగిసేసరికి సరోజ ప్లాను దగ్గర నిలబడి ఉంది.

బెంగాలీలో మాట్లాడింది, నాకు ముప్పాతిక అర్థమైంది. "కరెంటు దాచుకోండి. ఎండని దాచడం మాకూ తెలుసు, ఇదిగో, ఇవన్నీ ఎండ దాచిన డబ్బాలే. మీ డబ్బాలకి చోటుంది. మావాటికి చోటేది?" పిండి వేలితోనే ప్లాను మీద చూపించింది. "ఫైరింజను దారి మీరు ఉత్తరాన, గోడ పక్కన గీశారు. చలికాలంలో అక్కడ పొద్దుగూకేదాకా మీ డబ్బాల నీడే. అదే దారి దక్షిణం వేపు, మా సందు వేపు పెట్టండి. మీ డబ్బాలు మా ఇళ్లకి దూరమవుతాయి, మిఠూ దీదీ నిద్రపోతుంది. దారి ఖాళీగా ఉన్నంతసేపూ మేం అక్కడ వడియాలు పెట్టుకుంటాం."

మిత్రబాబు ప్లాను మీద పడిన పిండి మరకని చూశాడు. వెటకారం చెయ్యలేదు. "దీదీ, ఫైరింజను దారిలో ఏమీ ఉండకూడదు. పూచికపుల్ల కూడా. అది రూలు. మంట లేచినప్పుడు మీ గుడ్డలు తీసేదాకా ఇంజను ఆగదు. ఇన్ని గుడ్డలు ఎప్పటికి తీస్తారు?"

ఆయన అన్నది న్యాయమే. సరోజ నేల మీద గుడ్డల వేపు చూసింది. తరవాత తల తిప్పి సందు దద్దరిల్లేలా అరిచింది:

"బ్రిష్టీ!"

వాన. ఆకాశంలో చినుకు మాట దేవుడెరుగు, మబ్బు తునక లేదు. కానీ చలికాలంలో వడియాలు పెట్టేవాళ్లకి ఆ కేక ఒక్కటి చాలు, ఆలోచన అక్కర్లేదు. మాట్లాడుతున్నవాళ్లు మాట్లాడుతుండగానే లేచారు. గుడ్డకి ఇద్దరేసి, నాలుగు కొసలూ బిగించి పట్టుకుని, మంచం మోసినట్టు సమంగా, ఒక్క వడియం జరక్కుండా ఎత్తుకుని సందులోకి మాయమయ్యారు. మిఠూ దీదీ, తనకి స్టేషనే వద్దన్న మనిషి, పెళ్లి గుడ్డతో అందరికన్నా ముందుంది. కుర్చీల కాళ్ల మధ్య పరిచినవి కూడా ఆఫీసర్ల మోకాళ్ల పక్కనుంచి వెళ్లిపోయాయి. మిత్రబాబు ఆకాశం వేపు చూసి తల దించేసరికి నేల ఖాళీ. ఎండ తప్ప ఏమీ లేదు.

అప్పుడు తెలిసింది వాళ్లకి కూడా, వాన లేదని. సందులోంచి ఒకటే నవ్వులు, తిట్లు. "ఓ సరోజా, నీ మొహం!" అంటూ గుడ్డలు పట్టుకుని వెనక్కి వచ్చి, ఎక్కడివక్కడ పరిచేశారు. సరోజ కూడా కూచుని మిగిలిన పిండి అందుకుంది.

మిత్రబాబు ఏమీ హామీ ఇవ్వలేదు. నేను కలిపి చెప్పడం లేదు. దారి మారిస్తే గేటు మారాలి, గేటు మారితే పైవాళ్లు ఒప్పుకోవాలి అన్నాడు. సందు వేపు ఇంజను మలుపు తిరగడానికి చోటు చాలుతుందో లేదో కూడా తెలీదన్నాడు. అని, కారులోంచి కొలత టేపు తెప్పించుకుని, వట్టి కాళ్లతో ఎండలో గుడ్డల మధ్యనుంచి జాగ్రత్తగా నడుచుకుంటూ సరోజ దగ్గరకొచ్చాడు.

"దీదీ, ఈ కొస కాస్త పట్టుకోండి. సందు దాకా కొలుద్దాం."

సరోజ తలెత్తలేదు. బొటనవేలితో వడియం తరవాత వడియం దించుతోంది. "ఉండండి బాబూ. ఈ వరస అవనివ్వండి. పిండి ఆగదు."

ఆయన టేపు చేత్తో పట్టుకుని, ఎండలో, ఆగాడు.